సర్దారుతనము నుండి నాయకత్వమునకు

తోటపనికై సముద్రము దాటి వచ్చిన తెలుగువారి కుటుంబములలో రెండు మాటలు తరతరములుగా నిలిచియున్నవి. ఒకటి ‘సర్దారు’, రెండవది ‘నాయుడు’. మొదటిది పారసీక పదము. సేనకు అధిపతి, జనమునకు పెద్ద అని దాని అసలైన అర్థము. రెండవది ‘నాయకుడు’ అను సంస్కృత పదము తెలుగువారి నోట మెత్తబడగా ఏర్పడినది. వెంటబెట్టుకొని పోవుట అను అర్థముగల ధాతువునుండి పుట్టిన మాట యగుటచే, నాయకుడనగా పదిమందిని తనతోపాటు గమ్యమునకు తీసికొనిపోవువాడని భావము.

విచిత్రమేమనగా, చెఱకుతోటలో అడుగుపెట్టిన పిదప మొదటి మాటకు గౌరవము తగ్గిపోయెను. నేటాల్‌లోను, మారిషస్‌లోను, ఫిజీలోను సర్దారనగా కూలీల గుంపుపై నిలిచి పని చేయించువాడు మాత్రమే అయ్యెను. మలయా రబ్బరుతోటలలో ఇట్టివానిని కంగాణి అనిరి; కంటితో కనిపెట్టుచుండువాడని ఆ తమిళపదమునకు అర్థము. బర్మాకు పోయిన తెలుగు కూలీలపై మేస్త్రీ ఉండెను. పేరేదైనను పని ఒక్కటియే. రెండవ మాట ఇంటిపేరుగా మిగిలినది. దక్షిణాఫ్రికాలో ఎన్నో కుటుంబములు నేటికిని ‘నాయుడు’ అను పేరు ధరించియున్నవి. పేరులో నాయకుడున్నాడు. నడవడిలో కూడ ఉన్నాడా, లేక అచ్చట సర్దారే పీట వేసికొని కూర్చుండెనా? ప్రతి సభయు, ప్రతి సంఘమును తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న ఇది. ఈ పాఠమునకు విషయమదియే.

1. సర్దారు చేసిన పని

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి డర్బన్ రేవు చేరెను. నాటినుండి 1911 వఱకు లక్షా యాభైవేలకు పైగా ఒప్పంద కూలీలు నేటాల్‌కు వచ్చిరి. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవున ఓడయెక్కిన తమిళులు, తెలుగువారు. ఒప్పందము ఐదేండ్లు. మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగుల జీతము. పిదప ఏటేట ఒక షిల్లింగు పెంపు.

తెల్లవారకముందే కూలీలను లేపుట, వరుసగా నిలిపి తలలు లెక్కించుట, ఎవరికెన్ని సాళ్లో పని పంచుట, సాయంకాలమున కొలిచి చూచుట, రానివారి పేర్లు తెల్లదొరకు చెప్పుట సర్దారు విధులు. ఆ పేర్లు చెప్పుట చిన్న విషయము కాదు. మారిషస్‌లో ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోయు ‘డబుల్ కట్’ పద్ధతి చాలకాలము సాగెను. సర్దారు నాలుక కదలినచో ఒక యింట పొయ్యి వెలుగకపోవుట కద్దు.

సర్దారులందఱు దుర్మార్గులనుట న్యాయము కాదు. వారును ఓడలో వచ్చినవారే. పైనుండి దొర ఆజ్ఞ, క్రిందనుండి కూలీల ఉసురు, నడుమ వారి బ్రతుకు. రోగియైన కూలికి తేలిక పని యిచ్చి కన్ను మూసికొన్న సర్దారులు కూడ ఉండియుందురు. వారి పనిలో నేర్పు లేదనుటయు సరికాదు. నూఱుమంది చేత ఒక్కపూటలో ఒక పొలము నఱికించుటకు లెక్క కావలెను, క్రమము కావలెను, కాలజ్ఞానము కావలెను. ఇవి నేటికిని ప్రతి కార్యదర్శికి, ప్రతి నిర్వాహకునికి అవసరమైన గుణములే.

లోపమెచ్చటనున్నది? ఆ నేర్పునంతయు నిలబెట్టినది భయము. సర్దారు కనుమఱుగైనచో చెఱకుకత్తి నెమ్మదించును. అతడు తిరిగివచ్చినచో వేగము హెచ్చును. పని ముగిసినను పనిచేసినవాడు ఎదుగడు. ఇరువది సంవత్సరములు ఒక గుంపును నడిపిన సర్దారు తన తరువాత ఆ గుంపు తనంతట తాను నడచునట్లు చేయవలెనని తలపడు. తలచినచో అతని కొలువే పోవును. నిర్వహణకును నాయకత్వమునకును ఎల్లయైన గీత ఇచ్చటనే యున్నది.

2. లెక్కల పుస్తకము

నిర్వాహకుడు నాయకుడుగా ఎదుగుట ఎట్లో తెలిసికొనుటకు దక్షిణాఫ్రికా భారతీయుల చరిత్రలోనే గొప్ప ఉదాహరణము కలదు. 1893లో ఒక వ్యాజ్యము పనిపై డర్బన్ చేరిన యువ న్యాయవాది మోహనదాస్ కరంచంద్ గాంధీ మొదటినుండియు మహాత్ముడు కాడు. మొదట ఆయన చక్కని కార్యదర్శి.

1894వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన నేటాల్ ఇండియన్ కాంగ్రెసు ఏర్పడగా గాంధీజీ దానికి కార్యదర్శి యైరి. సభ్యత్వపు చందా నెలకు కనీసము ఐదు షిల్లింగులు. ఉత్సాహముతో పేర్లు వ్రాయించుకొన్నవారు చందా చెల్లించుటలో వెనుకాడుట ఆనాడును ఉండెను. ఇంటింటికి తిరిగి వసూలు చేయుట ఎంత కష్టమో గ్రహించి, సంవత్సరపు చందాను ముందుగానే రాబట్టు పద్ధతిని ఆయన నెలకొల్పిరి. ఒకసారి టోంగాట్‌లో ఒక గృహస్థు ఆఱు పౌనులు ఇచ్చునని ఆశింపగా అతడు మూడు పౌనులకు మించి ఇయ్యననెను. అది ఒప్పుకొన్నచో మిగిలినవారును అదే దారి పట్టుదురు. వచ్చినవారందఱు ఆకలితో ఉండిరి. అయినను భోజనము ముట్టక రాత్రియంతయు అచ్చటనే కూర్చుండిరి. తెల్లవాఱుచుండగా గృహస్థు మనసు కరగి ఆఱు పౌనులు చెల్లించి, అందఱికి విందు చేసెను.

ఎంత చిన్న మొత్తమునకైనను రసీదు ఇయ్యవలెనని గాంధీజీ నియమము. అప్పు తెచ్చి ప్రజాకార్యము నడుపరాదని ఆయన పట్టుదల. 1894 నాటి లెక్కల పుస్తకములు మూడు దశాబ్దముల తరువాత కూడ చెక్కుచెదరక ఉండునని ఆయన తన ఆత్మకథలో ధైర్యముగ వ్రాసికొనిరి.

ఇందలి పాఠము స్పష్టము. లెక్క చెప్పలేనివాడు నాయకుడు కాజాలడు. సభ సొమ్మునకు రసీదు లేదు, సమావేశమునకు వేళ లేదు, వ్రాసిన తీర్మానమునకు అమలు లేదు; అయినను నేను నాయకుడనే అనువాడు సర్దారుకంటె తక్కువవాడు. నిర్వహణ మెట్టు ఎక్కనిదే నాయకత్వపు మెట్టు అందదు.

కాని ఆ చక్కని పుస్తకములలో ఒక పెద్ద వెలితి యుండెను. సభ్యుల పట్టికలో వర్తకులుండిరి, గుమాస్తాలుండిరి, నేటాల్‌లో పుట్టి చదువుకొన్న యువకులుండిరి. ఒప్పంద కూలీలు మాత్రము లేరు. నెలకు పది షిల్లింగులు తెచ్చుకొనువాడు అందులో ఐదు షిల్లింగులు చందా కట్టగలడా? తోటలలోను, గనులలోను శ్రమించుచున్న వేలాది తమిళులు, తెలుగువారు ఆ సంఘమునకు వెలుపలనే యుండిరి. లెక్క సరిపోయినది, లెక్కకు రానివారు మిగిలిపోయిరి.

3. చేతిలోని తలపాగ

ఆ వెలితి ఒకనాడు మనిషి రూపమున గాంధీజీ కార్యాలయపు గడప దాటి వచ్చెను. చినిగిన బట్టలతో, ముందటి పండ్లు రెండు విఱిగి, నోట నెత్తురు కారుచుండగా, వణకుచు, ఏడ్చుచు నిలిచిన ఆ తమిళ కూలి పేరు బాలసుందరము. యజమాని అతనిని కొట్టెను. గాంధీజీకి అతని భాష రాదు. కార్యాలయమునందలి తమిళ గుమాస్తా ద్వారా సంగతి తెలిసికొనిరి.

గాంధీజీ అతనిని వైద్యునియొద్దకు పంపి గాయములకు పత్రము వ్రాయించి, న్యాయాధికారియొద్దకు తీసికొనిపోయిరి. ఇంతవఱకు మంచి నిర్వాహకుడు చేయవలసిన పనియే. యజమానిని శిక్షింపజేయుట తన లక్ష్యము కాదనియు, బాలసుందరమునకు ఆ కొలువునుండి విముక్తి కావలెననియు గాంధీజీ నిర్ణయించిరి. మఱొక యజమానిని వెదకి ఒప్పందమును మార్పించిరి.

ఈ వృత్తాంతములో ఒక చిన్న విషయము కలదు. బాలసుందరము లోనికి వచ్చినపుడు తలపాగ విప్పి చేతబట్టుకొని నిలిచెను. తెల్లవారి యెదుట కూలి అట్లే నిలువవలెనని ఆనాటి ఆచారము. తనయెదుట కూడ అతడట్లే నిలుచుట చూచి గాంధీజీ మనసు నొచ్చుకొనెను. తలపాగ చుట్టుకొమ్మని చెప్పిరి. సంకోచించుచునే అతడు చుట్టుకొనెను. ముఖమున సంతోషము కనబడెను.

వైద్యుని పత్రము ఒక ఒప్పందమును మార్చినది. తలపాగ అంతకంటె పెద్ద పని చేసినది. కూలీల పక్షమున నిలుచువాడొకడు డర్బన్‌లో ఉన్నాడను వార్త తోటతోటకు ప్రాకెను. మనిషికి పని కల్పించువాడు నిర్వాహకుడు. మనిషికి తన తల తనదేనని గుర్తుచేయువాడు నాయకుడు.

4. వడ్డించిన చేయి

1895లో నేటాల్ ప్రభుత్వము ఒక శాసనము చేసెను. ఒప్పందము ముగిసిన పిదప స్వదేశమునకు మరలిపోక, తిరిగి ఒప్పందము చేసికొనక, స్వతంత్రముగ నిలిచిన కూలి ఏటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలెను. మొదటి యేటి జీతముతో పోల్చినచో అది ఆఱునెలల కూలి. తరువాత పదునాఱేండ్లు నిండిన బాలురకు, పదుమూడేండ్లు నిండిన బాలికలకు కూడ ఆ పన్ను వర్తింపజేసిరి. కాంగ్రెసు విన్నపములు పంపెను, సభలు జరిపెను. పన్ను తొలగలేదు.

ఆ పన్నును కదలించుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. ఆ కాలమంతయు గాంధీజీకి శిక్షణ కాలమని చెప్పవచ్చును. 1904లో డర్బన్ సమీపమున ఫీనిక్సు ఆశ్రమము, 1910లో జొహానెస్‌బర్గు సమీపమున టాల్‌స్టాయ్ క్షేత్రము ఏర్పడెను. అచ్చట న్యాయవాది చెప్పులు కుట్టుట నేర్చెను, నేల త్రవ్వెను, పాకీపని చేసెను. ఇతరులచేత చేయింపదలచిన పనిని ముందు తన చేతులతో చేసి చూచుట అచ్చటి నియమము.

1913 అక్టోబరులో టాల్‌స్టాయ్ క్షేత్రపు స్త్రీలు పదునొకండుగురు న్యూకాసిల్ బొగ్గుగనులకు పోయి, మూడు పౌనుల పన్ను తొలగువఱకు పని మానుడని కార్మికులకు బోధించిరి. వారిలో కొందఱి చంకలలో పసిబిడ్డలుండిరి. వేలాది కార్మికులు గనులు విడిచి వచ్చిరి. ఆ స్త్రీలకు మూడునెలల కారాగార శిక్ష పడెను.

గనులు విడిచినవారికి గుడిసెలు కూడ లేకపోయెను. వారందఱు సరిహద్దు గ్రామమైన చార్లెస్‌టౌన్‌లో చేరిరి. వేలమందికి వంట కావలెను. వంటవారికి పెద్దగా గాంధీజీయే నిలిచిరి. ఒకనాడు పప్పులో నీరు ఎక్కువయ్యెను. మఱొకనాడు అన్నము సరిగా ఉడుకలేదు. అయినను కార్మికులు నవ్వుచు తినిరని ఆయన తరువాత వ్రాసిరి. వడ్డన కూడ ఆయన స్వయముగ చేసిరి. ఉన్నదానిని అందఱికి చాలునట్లు పంచవలసివచ్చినపుడు, తమతోపాటు అదే కూడు తినువాడు తన చేతితో వడ్డించినచో తక్కువైనదని ఎవరును సణగరు.

నవంబరు 6వ తేదీన అచ్చటినుండి 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటుటకు నడచిరి. మనిషికి దినమునకు ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. ఈ లెక్క 1894 నాటి కార్యదర్శి వేసిన లెక్కయే. నిర్వహణ ఎచ్చటికిని పోలేదు. అది ప్రేమకు పనిముట్టయ్యెను. సర్దారు కొలత చూచినచో కూలి భయపడెను. ఈ కొలత చూచి కార్మికుడు ధైర్యము తెచ్చుకొనెను.

5. నాయకుడు లేని యాత్ర

ఆ యాత్రలో అన్నిటికంటె గొప్ప పాఠము గాంధీజీ నడచిన నడకలో కాక ఆయన లేని నడకలో కలదు. బయలుదేఱుటకు ముందే ఆయన నియమములు చెప్పిరి. అవసరమునకు మించి బట్టలు మోయరాదు. దారిలో ఇతరుల సొత్తు ముట్టరాదు. తిట్టినను కొట్టినను ఓర్చుకొనవలెను. తనను నిర్బంధించినను యాత్ర ఆగరాదు. తన పిమ్మట ఒకరి తరువాత ఒకరు ఎవరెవరు నడిపింపవలెనో వారి పేర్లను కూడ ముందుగనే ప్రకటించిరి.

మొదటి రాత్రియే అధికారి లాంతరుతో వచ్చెను. గాంధీజీ ప్రక్కన నిద్రించుచున్న పి.కె. నాయుడుగారిని లేపి, తాను పట్టుబడిన సంగతి చెప్పి, తెల్లవాఱువఱకు యాత్రికులను లేపవద్దనియు, ప్రొద్దున యథాప్రకారము నడక సాగింపుమనియు ఆదేశించి వెడలిపోయిరి. రెండువేల పైచిలుకు జనము నిద్రలో ఉండగా నాయకత్వము ఒక చేతినుండి మఱొక చేతికి నిశ్శబ్దముగ మాఱెను. కేకలు లేవు, కలవరము లేదు. ప్రొద్దున యాత్ర సాగెను.

జామీనుపై విడుదలయై వచ్చిన గాంధీజీని స్టాండర్టన్‌లో రెండవసారి పట్టుకొనిరి. అపుడాయన యాత్రికులకు ఆహారము పంచుచుండిరి. అధికారి ఆ పంపకము ముగియువఱకు వేచియుండెను. నవంబరు 9వ తేదీన మూడవసారి నిర్బంధించిరి. పిదప పోలక్‌గారు యాత్రను నడిపిరి. మఱునాడు బాల్‌ఫర్‌లో యాత్రికులను రైళ్లెక్కించి నేటాల్‌కు మరలించిరి. గాంధీజీ వచ్చి చెప్పిన గాని ఎక్కమని కొందఱు పట్టుబట్టినను, పోలక్, కాఛలియాగార్లు నచ్చజెప్పగా శాంతముగ ఎక్కిరి. చెఱసాలకు పోవుట కూడ సత్యాగ్రహమే యని వారికి తెలియును.

గాంధీజీ చెఱలో ఉండగానే సమ్మె సముద్రతీరపు చెఱకుతోటలకు వ్యాపించెను. ఎవరి ఆజ్ఞయు లేదు, ఏ కార్యాలయమునుండియు పిలుపు రాలేదు. సర్దారు కంఠము వినిననే లేచెడివారు తమంతట తాము లేచిరి. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ మొదలగు చోట్ల కాల్పులలో కొందఱు ప్రాణములు కోల్పోయిరి. డిసెంబరులో విడుదలయైన గాంధీజీ ఆ మృతులకై దుఃఖించుచు, తల గొఱిగించుకొని, ఒప్పంద కూలి ధరించు ముతక బట్టలతో డర్బన్ సభలో నిలిచిరి. 1894లో కూలి తలపాగను తిరిగి కూలి తలపై నిలిపిన చేయి 1913లో కూలి వేషమును తనపై వేసికొనెను. 1914లో భారతీయుల ఉపశమన శాసనముతో మూడు పౌనుల పన్ను తొలగెను.

6. తంబి నాయుడుగారి జీవితము

ఈ చరిత్రలో తోటల సంతతివారు మఱువరానివారు మఱొకరు కలరు. సి.కె. తంబి నాయుడుగారు 1875లో మారిషస్‌లో జన్మించిరి. తలిదండ్రులు మద్రాసు రాజధానినుండి వలస వచ్చినవారు. జొహానెస్‌బర్గులో బండ్లపై సరుకులు చేరవేయు వ్యాపారము చేసిరి. పాఠశాల చదువు దాదాపు లేదు. అయినను ఆంగ్లము, తమిళము, హిందూస్థానీ నేర్చిరి. తెలుగు కూడ కొంత తెలిసినవారు. తమిళ సంఘమునకు అధ్యక్షత వహించిరి. పలుమాఱులు చెఱకు పోయిరి. 1908 ఫిబ్రవరి 10వ తేదీన గాంధీజీపై దాడి జరిగినపుడు ప్రక్కన నిలిచి తామును దెబ్బలు తినిరి. 1913లో స్త్రీలతోపాటు న్యూకాసిల్ పోయి కార్మికులను కూడగట్టిరి. ఆ స్త్రీలలో వారి భార్య వీరమ్మాళ్ ఒకరు. 1914లో ఆ దంపతులు తమ నలుగురు కుమారులను దేశసేవకై గాంధీజీకి అప్పగించిరి.

గాంధీజీ తమ సత్యాగ్రహ చరిత్రలో ఈయనను మిక్కిలి మెచ్చుకొనిరి. సభకు అధ్యక్షత వహింపుమన్నను, వీధిలో మూట మోయుమన్నను ఒకే తీరున చేయువాడని వ్రాసిరి. అట్లు మెచ్చిన పిదప ఒక మాట దాచక చెప్పిరి. తొందరపాటు, కోపము లేకున్నచో ఈ వీరుడు ట్రాన్స్‌వాల్‌లో సమాజనాయకత్వమును సులభముగ వహించియుండెడివాడని దాని సారాంశము.

ఈ మాటను నిందగా తీసికొనరాదు. త్యాగమున తంబి నాయుడుగారికి సాటి వచ్చువారు అరుదు. అయినను ఈ తీర్పులో ప్రతి సభ్యునికి పనికివచ్చు హెచ్చరిక కలదు. శ్రమ ఉండవచ్చును, ధైర్యము ఉండవచ్చును, త్యాగము ఉండవచ్చును. కోపము ఒక్కటి ఉన్నచో, దగ్గఱకు రావలసినవారు దూరముగ నిలుతురు. తోటలో సర్దారు ఆయుధము కోపమే. సంఘములో నాయకుడు మొట్టమొదట విడువవలసిన ఆయుధమును అదియే. 1933లో కన్నుమూసిన ఆ మహనీయుని స్మరించువారు ఆయన మోసిన మూటను నేర్చుకొనవలెను; ఆయనకు అడ్డమైన కోపమును జయింపవలెను.

7. జాంబవంతుని మాట

రామభజన చేయు ప్రతి తెలుగింటికి తెలిసిన కథ యొకటి ఇచ్చట గుర్తుకు తెచ్చుకొనవలెను. సీతాన్వేషణమునకై వచ్చిన వానరులు సముద్రతీరమున ఆగిపోయిరి. ఎవరెంత దూరము దూకగలరని అంగదుడు ప్రశ్నించెను. ఒకడు పది యోజనములనెను, ఒకడు ఇరువది యనెను. నూఱు యోజనములు తాను దాటగలననియు, తిరిగివచ్చుట సందేహమనియు అంగదుడనెను. అందఱిని నడిపించు నీవు పోరాదని జాంబవంతుడు అతనిని వారించి, ఒకమూల మౌనముగ కూర్చుండియున్న హనుమంతుని వైపు తిరిగెను. నీ బలమెంతటిదో నీకు తెలియకున్నదని అతని జన్మవృత్తాంతము చెప్పి మేల్కొలిపెను.

అంగదుడు అడిగినది నిర్వాహకుని ప్రశ్న: ఎవరెంత చేయగలరు? అది అవసరమైన ప్రశ్నయే. జాంబవంతుడు చూచినది నాయకుని చూపు: చేతులెత్తనివాడెవడు? అతనిలో నిద్రించుచున్నదేమి? సముద్రము దాటినవాడు హనుమంతుడు, దాటించినవాడు జాంబవంతుడు. తాను దూకక, మఱొకనిని దూకించి, ఆ కీర్తి అతనికే విడిచిన వృద్ధుడు నాయకులకు ఆదర్శము.

8. సభలలో ఈ పాఠము

1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడినపుడు దానికి బలము తోటలకు వచ్చినవారి బిడ్డలు, మనుమలే. ఇతర దేశములలోను తెలుగు సంఘములు అట్లే తోటల సంతతివారి చేతులమీదుగ పెరిగినవి. తోటలో నేర్చిన క్రమశిక్షణ వాటిని నిలబెట్టెను. తోటలో అలవడిన సర్దారుతనము కూడ కొన్నిటిలో వెంట వచ్చెను.

ఒక కార్యదర్శిని ఊహించుకొనవచ్చును. సభాభవనపు తాళపుచెవి ఆయన జేబులో, లెక్కల పుస్తకము ఆయన బీరువాలో, ఉగాదికి ఎవరిని పిలువవలెనో ఆయన మనసులో. శ్రీరామనవమి పందిరి మొదలు ప్రసాదపు బూందీ వఱకు ఆయన చూడనిది లేదు. ఇరువదేండ్లుగ ఏ ఉత్సవమును లోటు లేకుండ జరిపెను. యువకులు రారని ఆయనకు దిగులు. వచ్చిన యువకునికి కుర్చీలు వేయు పని, మఱుసటి యేడు కుర్చీలు తీయు పని. మూడవ యేడు అతడు రాలేదు. ఆయన జబ్బుపడిన సంవత్సరము ఉత్సవము జరుగలేదు. అందఱు ఆయన లేనిదే ఏమియు కాదనిరి. అది పొగడ్తయని ఆయన సంతోషించెను. అది పొగడ్త కాదు. ఇరువదేండ్ల శ్రమపై వచ్చిన తీర్పు.

ఇట్టి కార్యదర్శి నాయకుడుగా ఎదుగుటకు తన నేర్పును విడువనక్కఱలేదు. దానిని చేతులు మార్చినచో చాలును. ఈ యేటి ఉగాది లెక్కను ఇరువదేండ్ల యువతికి అప్పగించి, తాను ప్రక్కన కూర్చుండవలెను. పొరపాటు వచ్చినచో నలుగురిలో కాక ఏకాంతమున చెప్పవలెను. సమావేశమునకు రానివాని పేరు ప్రక్కన గుర్తు పెట్టుట సర్దారు పని. ఆ సాయంకాలము వాని యింటికి పోయి ఎందుకు రాలేదని విచారించుట నాయకుని పని. చందా కట్టలేనివాడు సభకు వెలుపల మిగిలిపోవుచున్నాడేమో చూడవలెను. 1894 నాటి పుస్తకములలోని వెలితి నేటి పుస్తకములలో ఉండరాదు.

తెలుగు భాష విషయమున ఈ భేదము మఱింత పదునుగ కనబడును. తెలుగు రాని బాలుని చూచి, తెలుగు బిడ్డవై యుండి తెలుగు రాదా యని నలుగురిలో ఆక్షేపించినచో, ఆ బాలుడు తలపాగ చేతబట్టుకొన్న బాలసుందరమే యగును. తల వంచుకొని పోవును, తిరిగిరాడు. వానిచేత ఒక్క కీర్తన పాడించి, అందలి ఒక్కొక్క మాటకు అర్థము చెప్పి, వచ్చిన మాటకు సంతోషించినచో, వాడు వచ్చెడి వారము చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చును. భాష బ్రతుకుట, మాయుట పెద్ద తీర్మానములలో లేదు. ఆ ఒక్క క్షణమున పెద్దవాని ముఖము ఎట్లున్నదో అందులో కలదు.

నాయకుడనగా వెంటబెట్టుకొని పోవువాడు. వెనుక నిలిచి తఱుముట తోటతో ముగిసినది. ఆ మాటకు తగిన నడవడి ఇంకను మిగిలియున్న పని.

అభ్యాస ప్రశ్నలు

1. సర్దారు పనిలో నేటి కార్యదర్శి నేర్చుకొనదగినవి ఏవి? విడువదగినవి ఏవి?

2. 1894 నాటి లెక్కల పుస్తకములలోని వెలితి ఏమి? స్థానిక సభ సభ్యుల పట్టికలో అట్టి వెలితి కలదా?

3. పి.కె. నాయుడుగారిని లేపి, మిగిలినవారిని నిద్రింపనిచ్చుటలోని నమ్మకము ఎట్టిది? అట్టి నమ్మకము ఒక్క రాత్రిలో ఏర్పడునా?

4. సభాభవనపు తాళపుచెవి రేపు ఎవరి చేతిలో ఉండవలెను? వారికి నేడు ఏ పని అప్పగింపబడినది?

5. సభలో ఇంతవఱకు చేయి ఎత్తని హనుమంతులు ఎవరు? వారితో మాటాడు జాంబవంతుడు ఎవరు?